లాజరు పేరు రాసిన డబ్బా

ఉయ్యూరు, జనవరి 2004

ప్రియమైన మనవరాలు అమలకి,

నేను మీ అమ్మమ్మ శౌరమ్మని. నేను చెబుతుంటే పక్కింటి పద్మశ్రీ టీచరు రాస్తోంది. మీ మామయ్య కొడుకు లాజరు నాలుగు ముద్దలు తింటే చాలు, పొట్ట మంటని వంగిపోతున్నాడు. ఇరవయ్యారేళ్ళకే ముసలాడి నడక! నువ్వేమో వాణ్ణి చూసి, దొడ్డికెళ్ళింది డబ్బాలో పెట్టి పంపమన్నావట. ఈ మాట రాయనని పద్మశ్రీ పెన్ను మూసేసింది. అడిగింది డాక్టరమ్మే, రాయవే అన్నాను.

మీ తాతయ్యనీ ఇలాగే బిళ్ళలిచ్చి తిప్పారు. నోట్లోంచి గొట్టం వేసి చూసేసరికి కడుపులో గడ్డ జామకాయంతయ్యింది. లాజరుకి ముందే గొట్టం వెయ్యి.

కోపంతో, మీ అమ్మమ్మ

గుణదల, జనవరి 2004

ప్రియమైన అమ్మమ్మకి,

నీ భయం నాకు తెలుసు. మా ఆసుపత్రిలోనూ ఇదే గొడవ. ఒక పెద్దాయన అందరికీ ముందు గొట్టమే అంటారు. ఇంకొకాయన యాసిడ్ తగ్గించే బిళ్ళలు చాలంటారు. నేనేమో, కుర్రవాళ్ళకి ముందు పొట్టలో పుండు చేసే పురుగు, అంటే కంటికి కనపడని క్రిమి, ఉందో లేదో దొడ్డికెళ్ళినదాంట్లో చూసి, ఉంటే దానికి మందివ్వడం మేలంటాను. బరువు తగ్గినా, నల్లగా విరేచనమైనా, వయసు పైబడ్డా అప్పుడు నేరుగా గొట్టమే. లాజరుకి అవేవీ లేవు. డబ్బా పంపు, సిగ్గుపడకు.

ప్రేమతో, అమల

గుణదల, మార్చి 2004

ప్రియమైన అమ్మమ్మకి,

ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు. పురుగుందని రిపోర్టొచ్చింది, మందిచ్చాను. ఆ మందుకి విరేచనాలు పట్టుకుని లాజరు తను పనిచేసే ఫ్యాక్టరీలో పడిపోయాడు, మంట మాత్రం పోలేదు. నువ్వు చెప్పినట్టు ముందే గొట్టం వేయాల్సిందని రోజూ నన్ను నేను తిట్టుకున్నాను. పెద్దాయన ముందు తప్పు నాదేనని తల దించుకున్నాను.

నిన్న గొట్టం వేద్దామని వాణ్ణి పిలిపించాను. మాటల్లో "నువ్వు డబ్బా పంపిన రోజు" అన్నాను. "నేనెప్పుడు పంపాను వదినా? పరీక్ష అవసరం లేదందిగా నాయనమ్మ!" అన్నాడు. గొట్టం ఆపి ఇంటికి పంపాను.

అమ్మమ్మా, చేతిరుమాల్లో చుట్టి నువ్వు తెచ్చిచ్చిన ఆ డబ్బా ఎవరిది?

అమల

ఉయ్యూరు, మార్చి 2004

నా తల్లి అమలకి,

నాదే. పద్మశ్రీ నోరు తెరిచి చూస్తోంది, చూడనీ.

నా మాట కూడా విను. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న మగపిల్లాణ్ణి లేపి ఆ మాట ఎలా అడగను? ఒకే పొయ్యి, ఒకే కూర, వాడిదైతేనేం నాదైతేనేం అనుకున్నాను. ఆ డబ్బాలో ఏమీ లేదంటారు, అప్పుడైనా గొట్టం వేస్తావని నా ఎత్తు. మీ తాతయ్య మొహమే కళ్ళముందుంది మరి. పురుగు నాలో ఉంటుందని కలగన్నానా? నా పురుగుకి వాడు మందు మింగాడు. నా మూలంగా నువ్వు తల దించుకున్నావు. ఆ పెద్దాయన పేరు చెప్పు, నేనే వచ్చి చెబుతాను.

లాజరుకి నిన్న చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండేది. అన్నం కలుపుతూ ఆగి, "నాయనమ్మా, నీకూ మండుతోందా?" అన్నాడు. నోరు మూసుకుని తినరా అన్నాను.

వాడికి చెప్పలేదు, నీకు చెబుతున్నా. మండుతోందే. జాకెట్లన్నీ వదులైపోయాయి. సోమవారం మొదటి బస్సుకి వస్తున్నాను. వాడి డబ్బా వాడే తెచ్చిస్తాడు. గొట్టం నాకు వెయ్యి.

నీ ముందు తల దించుకుని,
శౌరమ్మ