జున్ను నిషేధం

శ్రీకాకుళం, జులై 6

ప్రియమైన దేముడమ్మ అత్తకు,

పశువుల డిప్లొమా రెండో ఏడు వెలగబెడుతున్న నీ మేనల్లుడు వెంకటసాయి సవినయంగా జారీచేయు హెచ్చరిక. ఫోనులో చెబితే నీ చెవికి సగమే చేరుతుంది, ఆ సగాన్నీ నీకు నచ్చినట్టు మార్చుకుంటావు. అందుకే కాగితం.

మన ఆవు పైడి ఈ వారంలోనే ఈనుతుంది. దాని కిందటి రెండు దూడలూ పారుడు రోగంతో నెల తిరక్కుండా పోయాయి. రెండుసార్లూ వీధి వీధంతా జున్ను తింది. దూడ మటుకు మాయ పడేదాకా నోరెండబెట్టుకుని కూర్చుంది. అప్పుడే పుట్టిన దూడకు రోగాన్ని ఆపే శక్తి ఉండదత్తా, అది ముర్రుపాలతోనే రావాలి. కనుక మాయ పడినా పడకపోయినా గంటలోపు పట్టించు. మొదటి రోజు పాలలో జున్నుకని చెంచాడు కూడా తీయరాదు.

డాక్టరుగారు రాసిచ్చిన విటమిన్ల పొడి పంపుతున్నాను. అది ముర్రుపాలకు తోడు, బదులు కాదు.

ఈ దూడ కూడా పోతే పైడిని అమ్మేస్తానన్నావట. ఆ మాట అంటూ ఏడ్చావని కూడా అమ్మ చెప్పింది.

ఇట్లు,
జున్ను మీద ఆశ చంపుకున్న త్యాగమూర్తి,
వెంకటసాయి


కొత్తవలస, జులై 13

నా బంగారు అల్లుడు సాయికి,

పైడి గురువారం తెల్లారుతూనే ఈనింది. పెయ్య. నుదుట తెల్ల మచ్చ. బొడ్డుకి నువ్వు చెప్పిన మందు రాశాను. గంటలోపే రెండున్నర లీటర్లు సీసాతో పట్టించాను.

గిన్నెలు పట్టుకుని వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపేశాను. "ఏటే, మేనల్లుడు సదువుకుంటే ఊరికి జున్ను మానేస్తావేటి?" అని గంగులు పెళ్ళాం మూతి తిప్పుకుంది.

ఇంకేం విశేషాలు లేవు. వేళకి తిను.

నీ అత్త,
దేముడమ్మ


శ్రీకాకుళం, జులై 20

ప్రియమైన ముద్దాయి అత్తకు,

నిన్న బస్టాండులో మీ ఎదురింటి దాలయ్య మావ దొరికాడు. "మీ అత్త జున్ను పెట్టిందిరా. ఆ మిరియాలు ఏసే సెయ్యి ఇంకెవరికీ రాదు" అన్నాడు. ఎప్పుడని అడిగేలోగా బస్సెక్కేశాడు. సాక్షి వాంగ్మూలం ఇంతే.

రెండో ఆధారం నీ ఉత్తరమే. తల్లి పక్కనే ఉండగా దూడకి సీసా ఎందుకు? నాకు తోచింది రాస్తున్నాను. ముర్రుపాలు జున్నుకి పోయాయి, నా పొడి నీళ్ళలో కలిసి సీసాలోకి వెళ్ళింది.

వేళాకోళం ఇక్కడితో ఆపుతాను. అమ్మ చేత ఫోను చేయిస్తే "బాగుంది" అని పెట్టేశావట. నిజం చెప్పత్తా, తిట్టను. ముర్రుపాలు అందని దూడైతే ఇంకొన్ని వారాలు కళ్ళలో వత్తులేసుకుని చూడాలి. ఒక్కసారి పారుకున్నా డాక్టరు రావాలి. నాకు తెలియకపోతే ఎలా?

నీ భయస్తుడు,
సాయి


కొత్తవలస, జులై 25

ఒరే సాయీ,

దాలయ్య చెప్పింది నిజం. నువ్వు అనుకున్నది అబద్ధం.

ఈనాక పైడిని పిండితే గిద్దెడు పాలు వచ్చాయి, అవీ పలచగా. పెయ్య చీకి చీకి కూలబడింది. నీ పొడి చేత్తో పట్టుకుని నిలబడిపోయాను. ఆ తెల్లారే దాలయ్య పెళ్ళాం బుల్లమ్మ ఆవు కూడా ఈనిందని గుర్తొచ్చి ఎదురింటికి పరిగెత్తాను. దాని దూడ తాగగా మిగిలిన ముర్రుపాలు పొయ్యి పక్కన ఉన్నాయి. పురిటికొచ్చిన కూతురు కుమారి జున్ను అడిగిందట, బుల్లమ్మ బెల్లం కొడతంది. నేను నోరు తెరవకముందే, "ఇదీ సచ్చిపోతే నీ ఏడుపు నానే ఇనాలి. పట్టుకెళ్ళు" అని గిన్నె చేతిలో పెట్టింది. సీసాలో పోసినవి ఆ పాలే.

మూడోనాటికి పైడి పాలు చేపింది. పెయ్య తాగగా మిగిలినవి జున్ను వండి కుమారికి పంపాను. దాలయ్య తిన్నది అదే.

పొదుగు ఎందుకు ఎండిందో రాయడానికే సిగ్గు. ఈనే ముందు రెండు నెలలు పాలు తీయొద్దని ఎన్నిసార్లు చెప్పావు. వారం ముందు దాకా తీశానురా. హాస్టల్లో చిక్కిపోయావని నెలనెలా నెయ్యి పంపాలి కదా. అది పెయ్య నోటి దగ్గరిదని తెలిస్తే నువ్వు మళ్ళీ ముట్టవని చెప్పలేదు.

పదహారు రోజులైంది. ఒక్కసారీ పారుకోలేదు. నిన్న తాడు వదిలించుకుని పోయి బుల్లమ్మ ఆవు పొదుగులో మూతి పెట్టింది. "ఇది రెండిళ్ళ కూడు తినీ పిల్ల" అంటంది బుల్లమ్మ.

పైడిని అమ్మడం లేదు. వచ్చే ఈతకి ముందు రెండు నెలలు నీకు నెయ్యి లేదు. ఆ మెస్సు కూడే తిను.

నీ అత్త,
దేముడమ్మ