మరిది పెళ్లి సీడీ

2006, ఆదివారం రాత్రి. మడకశిర.

మరిది పెళ్లి సీడీ కంప్యూటర్లో వేస్తే మనుషులంతా ఎగిరెగిరి నడుస్తున్నారు. మా ఆయనకు అది సహించలేదు. సాయంత్రమంతా మానిటర్ ముందే కూర్చున్నాడు. వీడియోలో సెకనుకు ఇరవై ఐదు బొమ్మలట, మానిటరేమో అరవై సార్లు తెర మారుస్తుందట, రెండింటికీ లెక్క కుదరదట. డెబ్బై ఐదు పెడితే ఒక్కో బొమ్మ సరిగ్గా మూడుసార్లు పడుతుందని అలాగే మార్చాడు. నిజమే, పెళ్లికొడుకూ, మేళగాళ్లూ, అందరూ మామూలు మనుషుల్లా నడిచారు.

నేను హారతి పళ్లెం పట్టుకుని వచ్చే చోట మాత్రం ఆపాడు.

"ఈడ ఇంకా ఎగుర్తానే ఉండాది. ఏం తప్పయిందో ఏమో" అని మళ్లీ సెట్టింగుల్లోకి పోయాడు. ఆ శ్రద్ధ చూసి నాకు ఒళ్లు మండింది.

"అది బొమ్మ కాదు. నా మోకాలు" అన్నాను.

అప్పుడు నావైపు తిరిగాడు. "ఎప్పట్నుంచి?"

బోరింగు దగ్గరికి పోయే దారి ఆయన కూర్చునే కిటికీ ముందు నుంచే. రెండేళ్లుగా బిందెతో అక్కడే కుంటుతూ పోతున్నాను. ఈ మనిషి కంటికి ఆనాలంటే నేను సీడీలోకి ఎక్కాల్సి వచ్చింది.