దాసు నెమలికి దిష్టిచుక్క

4-3-74, సోమవారం
శెట్టిగారి ఇంటి ముందు గోడ. గేటుకి ఎడమ పక్క నెమలి నాది, కుడి పక్క నెమలి దాసుది. పగిలిన కప్పులు, సాసర్లు, గాజు ముక్కలు — వాటినే తడి సిమెంటులో పొదిగి బొమ్మ చెయ్యాలి. మేస్త్రి ఇద్దర్నీ నిలబెట్టి చెప్పాడు. "ఎవుడి నెమలి బాగుంటే వాడే తరవాత చింతాద్రిపేటలో కట్టే ఇంటికి బొమ్మలు పెట్టేది. రెండోవాడు సిమెంటు కలిపేది. మళ్ళా నా దగ్గరొచ్చి ఏడవకూడదు, ఆఁ."
నేను సిమెంటు కలపను. మూడేళ్ళు కలిపాను. చాలు.

6-3-74
పొద్దంతా సాసర్లు కోశాను. నీలం, పచ్చ. ప్రతి ముక్కా ఈకకి సరిపోవాలి. ఎవడూ నేర్పలేదు నాకు. వేళ్ళు తెగి నేర్చుకున్నాను.
దాసు కోయడు. ముక్కల కుప్ప ముందు కూర్చుని ఏరుకుంటాడు, పాట పాడుకుంటూ. అది పనా?

7-3-74
వాడి పాట వింటే ఒళ్ళు మంట.

9-3-74, శనివారం
నా నెమలికి మెడ, తురాయి పూర్తి. ముక్కకీ ముక్కకీ మధ్య సూది దూరదు. రిక్షా మునిరత్నం ఆగి చూశాడు. ఏమంటాడోనని నిచ్చెన దిగి పక్కన నిలుచున్నాను.
"ఏంపా, నీ నెమలికి మెడ పట్టేసిందా? తైలం రుద్దు."
వీధంతా నవ్వు. దాసు మాత్రం నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది... తన్నేవాణ్ణి.

10-3-74, ఆదివారం
పని లేదు. అయినా వెళ్ళాను. వాడి గోడ ముందు నిలబడ్డాను.
ఎవరో పిలిస్తే తల తిప్పినట్టుంది వాడి నెమలి. మెడ దగ్గర టీకప్పు ముక్క — వంపు వంపుగానే పెట్టాడు. ఎండ పడితే మెడ కదులుతుంది. నిజంగా కదులుతుంది. తప్పుల కోసం వెతికాను. సందులు బోలెడు. సందులున్నా... ఛీ.
ఇంటికొస్తే అమ్మ. "ఏందిరా ఆ మొహం, ఎవుర్నన్నా కొట్టొచ్చినావా?" లేదన్నాను. "అయితే కొట్టించుకొచ్చినావా?"


12-3-74
మేస్త్రి దాసు భుజం మీద చెయ్యి వేశాడు. నాకు కనపడేలాగానే వేశాడు.

13-3-74, బుధవారం
శెట్టిగారి తల్లి, ముసలావిడ, కర్ర పట్టుకుని బయటికి వచ్చింది. దాసు నెమలి ముందు చాలాసేపు నిలబడింది.
"అబ్బయా, పోయేవోళ్ళూ వచ్చేవోళ్ళూ కళ్ళప్పగించి చూస్తా ఉండారు. దీనికి దిష్టి తగిలిపోతుంది. చెంప మీద నల్లముక్క ఒకటి పెట్టండి."
పసిబిడ్డకి పెట్టినట్టు.
"నా దానికో అవ్వా?" అడిగేశాను. నోరు ఆగలేదు.
"దానికెందుకులే నాయనా. అది బాగానే ఉండాది."
బాగానే ఉండాది!
దాసు తాపీ అందుకున్నాడు. అవ్వ కర్ర అడ్డం పెట్టింది. "చేసినోడే పెట్టకూడదు. ఆ పిల్లోడు పెడతాడు." ఆ పిల్లోడంటే నేనే. మేస్త్రి తలూపాడు. "రేపు పొద్దన్నే పెట్టెయ్‌రా." చింతాద్రిపేట సంగతి ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు.
ఈ వీధిలో ఆ నెమలిని నాకన్నా ఎక్కువ చూసినవాడు ఎవడు? నా కంటికి విరుగుడు నా చేత్తోనే పెట్టాలట.

అదే రోజు, సాయంత్రం
నల్ల పింగాణీ మూత పగలగొట్టాను. వంకరగా కోద్దామనే కూర్చున్నాను. చుక్క కాదు, మచ్చలా ఉండాలి... కంటి మీదికి పాకాలి. నెమలి గుడ్డిదైపోవాలి.
కోశాను. గుండ్రంగా వచ్చింది.
ఇంకోటి. కావాలని చెయ్యి వదిలేసి కోశాను. అదీ గుండ్రమే. కందిగింజంత. అంచు వేలికి గుచ్చుకోవడం లేదు. ఇంత మంచి ముక్క నేనెప్పుడూ కోయలేదు. నా నెమలి కన్ను కూడా ఇలా రాలేదు.
అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ పిలుస్తోంది.
ఇది నాది. దీన్ని తీసుకెళ్ళి వాడి నెమలికా...