ఒకే వరుసలో

ప్రియమైన అన్నకు,

నాన్న నడుం విరిగింది. అయ్యగారి చూలు గుర్రం తన్నింది. కాళ్లలో స్పర్శ లేదు. "ఇన్నేళ్లు సేవ చేస్తే ఇవాళ గుర్తుపట్టింది మహాతల్లి" అని నవ్వబోయి నెత్తురు కక్కాడు. గుర్రాలశాలలో గడ్డి మీదే పడుకోబెట్టాం. ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే ఇక్కడున్నది గుర్రాల వ్యాను ఒక్కటే. మేనేజర్ తాళం ఇవ్వడు. గుర్రం ఈనే సమయమట, దానికి ఎప్పుడు అవసరమవుతుందో అంటాడు.

నువ్వు రోజూ బంగళాలో అయ్యగారికి దేవుడి గ్రంథం చదివి వినిపిస్తావుగా. దేవుడు మనిషిని పశువులకంటే పైన పెట్టాడన్న పేజీ తీసి చదువు. అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్న నాకే అర్థమైంది, ఆయనకి కాదా? త్వరగా, అన్నా.

నీ చెల్లి


ప్రియమైన చిట్టితల్లికి,

ఏడవకు. పని అయింది.

నువ్వు చెప్పిన పేజీ చదివితే అయ్యగారు నవ్వారు. "మనిషంటే నేనోయ్. గుర్రాలు కడిగేవాడు కూడానా?" అన్నారు. ఒళ్లు మండింది, మింగాను. కోపంతో వ్యాను కదలదు కదా. యజమాని సొత్తు గురించి చెప్పే చోటు తీశాను. అక్కడ ఎద్దులు, గాడిదలు, సేవకులు ఒకే వరుసలో ఉంటారు. "పశువుకి చేసింది సేవకుడికీ చెయ్యాలనేగా అర్థం, అయ్యా" అన్నాను. ఆయన "బాగా చెప్పావు. గుర్రానికి ఏం చేస్తామో వాడికీ అదే చెయ్యమను" అని మేనేజర్‌కి కబురు పంపారు. గుర్రాల డాక్టరు వస్తున్నాడు. చూశావా, ఎక్కడ నొక్కాలో తెలియాలి.

నీ అన్న


అన్నకు,

డాక్టరు వచ్చాడు. నాన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "నా కొడుకు చదువే నన్ను కాపాడింది" అని శాలలో అందరికీ చెప్పుకున్నాడు. డాక్టరు అరికాల్లో గుచ్చి చూసి, "ఇక లేవడు" అన్నాడు. మేనేజర్ అయ్యగారి మాట చెప్పాడు. డాక్టరు తటపటాయిస్తే, "ఆయన సొత్తు, ఆయనిష్టం. మీకెందుకండీ" అన్నాడు.

నడుం విరిగిన గుర్రానికి ఇక్కడ ఏం చేస్తారో, నువ్వు ఒక్కనాడైనా పేడ ఎత్తి ఉంటే తెలిసేది.

నన్ను ఇద్దరు గోడకి అదిమి పట్టుకున్నారు. నేను అరుస్తుంటే నాన్న నన్నే కసిరాడు, "ఊరుకోవే, నొప్పి తగ్గే మందు" అని. చొక్కా చెయ్యి తనే పైకి మడిచాడు. డాక్టరు సూదితో నరం వెతుక్కుంటుంటే, "పర్లేదు బాబూ, నిదానంగా పొడవండి" అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు.

అయ్యగారు నిన్ను తెగ మెచ్చుకున్నారట. నువ్వు చదివి చెప్పకపోతే ఇలాంటిది ఆయనకి తోచేదే కాదన్నారట.

చెల్లి