మేక మోతాదు

గురువారం, పావగడ

సాయంత్రం 4:20కి రిపోర్టు వచ్చింది: అన్న కూతురు గౌరి రక్తంలో యాంటీబయాటిక్ ఈసారి చాలినంత ఉంది. గెలిచాం.

గౌరిలా సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ల ఒంట్లోంచి కొన్ని మందులు త్వరగా వెళ్లిపోతాయి, మోతాదు పెంచాలని డాక్టర్ చెబితే సోమవారం అన్న ఒప్పుకోలేదు. ప్రయోగశాలలో ఆ జబ్బున్న ఎలుకల్లోనూ ఇలాంటి తేడా చూశారని చెప్పాను.

"ఎలుకల లెక్క నా బిడ్డకేందప్పా?"

"మరి కడుపులో పురుగులకు నట్టల మందు గొర్రెకన్నా మేకకెందుకు ఎక్కువ పోస్తావన్నా?"

"మేక ఒంట్లో మందు యాడ నిలుస్తాది..." అంటూ ఆగిపోయాడు. తర్వాత నవ్వి, మోతాదు పెంచడానికి ఒప్పుకుంటూ సంతకం చేశాడు.

ఎలుకలో నిజమైనదంతా మనిషిలో నిజం కాదు. మందు ఎక్కువైతే కిడ్నీలకు దెబ్బ. ఆ భయం మాత్రం నాకు ఇంకా...

శనివారం ఉదయం ఎనిమిదికి గౌరికి కిడ్నీ పరీక్ష. మా ఊరు రాయచెర్లులో మేకలు, గొర్రెల మందను వదినకు అప్పగించి, అన్న తనే తీసుకొస్తానన్నాడు.