రాతి అవ్వ రానంది

ఎల్విరా తల్లీ, మీ అమ్మ రొసెండా దీవించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ, మీ నాన్నా, మొక్కజొన్న చేనూ క్షేమం. రాజధాని చలికి నీ దగ్గు తగ్గిందో లేదో చెప్పకుండా, పేజీలకు పేజీలు రాతి అవ్వ గురించే రాశావు. నీ మ్యూజియం ఉద్యోగం మీద నాకు కోపం లేదు. ఆ ఉత్తరం మీద మాత్రం ఉంది.

"అవ్వను మా మ్యూజియానికి ఇచ్చేలా ఊళ్లోవాళ్లకు నచ్చజెప్పమ్మా" అన్నావు. చెప్పలేదు, చెప్పను. పక్క కొండ మీది శిల్పాన్ని దొంగలు రంపాలతో కోసుకుపోయిన మాట నిజమే. అందుకే ఆడవాళ్లం వంతులేసుకుని అవ్వకు కాపలా కాస్తున్నాం. మన పూర్వులు ఆమెను గిన్నె పట్టుకున్నట్టు నిలువెత్తు రాతిలో చెక్కారు. మీరు ఆమెను మాయా నాగరికత నాటి రాణి అంటారు, అనండి. ఆమె ముందు సాంబ్రాణి వెయ్యనిదే మనం చేలో విత్తనం వెయ్యం. ఆమె వెళ్లి మీ అద్దాల గదిలో నిలబడితే ఇక్కడ ఎవరినడిగి విత్తాలి?

అవ్వను తీసుకెళ్లడానికి మీ మ్యూజియం లారీ రానే వచ్చింది. అవ్వను కదిపేముందు సీమకోడి పులుసు పెట్టి, అనుమతి అడగాలని పూజలు చేసే మత్తియాస్ తాత మీ అధికారికి చెప్పాడు.

"రాయి పులుసు తాగుతుందా పెద్దాయనా?" అని నవ్వాడు అధికారి.

"నువ్వు వడ్డిస్తే తాగదులే నాయనా" అన్నాడు తాత.

అవ్వ దాకా చేరకుండానే లారీ వాగు పక్క దారిలో ఇరుసుల దాకా దిగబడింది. ఎంత తోసినా కదల్లేదు.

"చూశారా! అవ్వ రానంది!" అని తాత ఒకటే కేక. డ్రైవరు మనవాడే, కొబాన్ పట్నం వైపువాడు. టోపీ తీసి, కొండ వైపు తిరిగి బురదలోనే మోకరిల్లాడు. "తప్పయిపోయింది కొండదేవరా, కూటి కోసం వచ్చాను" అని ఏడ్చాడు. ఊరంతా అవ్వ మహిమే అంటోంది. అధికారి కూడా ఎవరూ చూడలేదనుకుని సిలువ గీసుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. అది నా పని. బట్టలుతకడానికి వాగులో కట్టుకున్న రాళ్ల కట్టను ఆ పొద్దున్నే దారి వైపు నేనే తెంపేశాను. నీళ్లన్నీ దారి మీదికి మళ్లాయి. మీ నాన్నకు కూడా చెప్పలేదు. డ్రైవరు ఏడుపు చూడలేక అతనికి మాత్రం నిజం చెప్పేశాను. అతను ముఖం తుడుచుకుని, "ఆ బుద్ధి నీకు పుట్టించిందెవరనుకున్నావమ్మా?" అన్నాడు.

అయినా కట్ట తెంపిన చేతులు నావి. నీ ఆఫీసులో అడిగితే నా పేరే చెప్పు, తాతను లాగొద్దు. నేను అవ్వ చాటున దాక్కునేదాన్ని కాదు.

దారి ఆరాక మళ్లీ వస్తారట, ఈసారి నిన్ను ముందుపెట్టుకుని. రా తల్లీ. మొక్కజొన్న పిండి ఆకుల్లో చుట్టి తమాలెలు ఉడికించి పెడతాను. కడుపునిండా తిను. నువ్వు చెయ్యి కడుక్కునేలోగా నేను వెళ్లి లారీ ముందు కూర్చుంటాను.

ఇట్లు,
నిన్ను కన్న మొండిది,
అమ్మ