ఎక్కడిది అన్న గడి

ఖనిజ పరీక్షా కేంద్రం వారి సముఖానికి,

నమస్కరించి రాయడమేమంటే, మా ఆయన మీ శాఖలోనే అగ్నిపర్వతాల మీద పనిచేశారు. మా వీధిలో ఆయన్ని రాళ్లాయన అనేవారు. పోయి పది నెలలైంది. చివరి పదకొండేళ్లు ఏటా మూడు నెలలు సముద్రం మధ్యనున్న దీవులకు వెళ్లి, వచ్చేటప్పుడు నాకని రెండేసి రాళ్లు తెచ్చేవారు. ఒక దుప్పటైనా తేవచ్చు కదా అంటే, "దుప్పటి పదేళ్లకి చిరుగుతుంది. ఇది పుట్టి రెండు లక్షల ఏళ్లు, ఎక్కడైనా చిరిగిందేమో చూడు" అనేవారు. "కప్పుకుంటే తెలుస్తుంది" అనేదాన్ని.

ప్రతి రాయికీ నా పుస్తకంలో ఒక వరస ఉంది. వచ్చిన తేదీ, బరువు, రంగు, ఏ అరలో పెట్టానో రాసుకున్నాను. "ఎక్కడిది" అన్న గడి మాత్రం ఖాళీ. అడిగితే "దీవిలోది" అనేవారు. ఆ దీవులు తొమ్మిదట. రాతిలోని పలుకుల్ని చూసి అది ఏ కొండ కడుపున పుట్టిందో చెప్పే యంత్రం మీ దగ్గర ఉందని విన్నాను. రాళ్లు ఇరవై రెండు. ఆ గడి నింపిపెట్టవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
రాళ్లాయన భార్య

తా.క. రాళ్లను కడిగే పంపుతాను. మీరు మళ్లీ శ్రమపడనక్కర్లేదు.

*

గౌరవనీయులైన అమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. నిబంధనల ప్రకారం నమూనాలతోపాటు జతచేసిన ఫారం నింపి పంపగలరు. పరీక్ష కోసం ప్రతి రాయినీ కొంత కోయవలసి ఉంటుందని గమనించగలరు.

భవదీయుడు,
పరీక్షకుడు, నమూనాల విభాగం

తా.క. దయచేసి కడగవద్దు.

*

పరీక్షకుడు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చేసరికే కడిగేశాను. ఫారం ఇదిగో.

నమూనా సేకరించిన చోటు: పడకగది అల్మరా, మూడో అర, ఎడమ చివర.
లోతు: మోచేయి దాకా.
చుట్టుపక్కల ఉన్న ఇతర పదార్థాలు: దుప్పట్లు, కలరా ఉండలు.
నమూనాలో కాలక్రమేణా వచ్చిన మార్పులు: ఏడో రాయి మొదట్లో గరుకుగా ఉండేది. ఏటా రెండుసార్లు సబ్బుతో తోమగా తోమగా దారికొచ్చింది. పదకొండో రాయి నాలుగేళ్లు వంటింటి తలుపుకి అడ్డంగా పనిచేసింది. తర్వాత విశ్రాంతి ఇచ్చాను.

కోయడం తప్పదంటే కోయండి. మా చెల్లెలు పక్కవీధిలోనే ఉంటుంది. సంచీ కడుతుంటే వచ్చి, "ఏమే అక్కా, బావకి చేయించాల్సిన పరీక్షలు రాళ్లకి చేయిస్తున్నావా" అంది. దానికి నోరెక్కువ. మనసు మంచిదే.

ఇట్లు,
రాళ్లాయన భార్య

తా.క. సంచీ వెళ్లాక మూడో అర బోసిగా ఉంది. రాళ్లున్న చోట దుప్పటి మడిచి పెట్టి చూశాను. కుదరలేదు.

*

గౌరవనీయులైన అమ్మగారికి,

పరీక్ష పూర్తయింది. ప్రతి రాయి నుంచి ఒక ముక్క కోసి, తలవెంట్రుక కంటే పలచగా అరగదీసి, గాజు పలక మీద అంటించి యంత్రం కింద పెట్టాం. మీరు ఈ శాస్త్రం చదివినవారు కారు కనుక వివరంగా చెబుతున్నాను.

రాతిలోని పలుకు పొర మీద పొరగా పెరుగుతుంది. కరిగిన రాతిలో ఆ సమయానికి ఏముంటే అది ఆ పొరలో చేరుతుంది. లోపలి పొరల్లో కాల్షియం ఎక్కువ, బయటికి వచ్చేకొద్దీ తక్కువ. నడుమ ఒక పొరలో హఠాత్తుగా మళ్లీ పెరిగిందంటే, అడుగు నుంచి కొత్త వేడి కరుగు వచ్చి కలిసిందన్నమాట. ఒక్క పలుకు చాలు, ఆ కొండ కడుపులో ఏం జరిగిందో చదువుకోవచ్చు.

ఇక ఆ దీవుల సంగతి. అక్కడ సముద్రపు నేల పక్క నేల కిందికి జారిపోతూ, తనతో నీటిని లోపలికి తీసుకుపోతుంది. ఆ నీరు చేరినచోట లోపలి రాయి త్వరగా కరుగుతుంది. అందుకే అక్కడి రాళ్లలో హార్న్‌బ్లెండ్ అనే నల్లటి ఖనిజం దొరుకుతుంది. దాని లోపల ఆ నీటి జాడ ఉంటుంది.

ఒకటి నుంచి పన్నెండు వరకు ఉత్తరపు పెద్ద దీవివి. పదమూడు నుంచి పద్దెనిమిది వరకు దక్షిణపు చిన్న దీవివి. పందొమ్మిది నుంచి ఇరవై రెండు వరకు హార్న్‌బ్లెండ్ లేదు. వేరే ఖనిజంలో టైటానియం చాలా ఎక్కువగా ఉంది. ఈ నాలుగూ ఆ దీవులవి కావు. వీటిని పట్టించుకోనక్కర్లేదు.

భవదీయుడు,
పరీక్షకుడు

తా.క. యంత్రం గదిలో సబ్బు వాసన ఇంకా పోలేదు.

*

పరీక్షకుడు గారికి,

గాజు పలకలు అందాయి. రాయి పంపితే మరక తిరిగొచ్చింది. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

పట్టించుకోనక్కర్లేదన్న వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. ఆ నాలుగు రాళ్లూ చివరి రెండేళ్లవి. ఆ రెండేళ్లూ ఆయన దీవికి వెళ్లొచ్చానన్నారు. ఓడలో కడుపులో తిప్పిందని కూడా చెప్పారు. సముద్రం ముఖం చూడని రాళ్లు ఆయన సంచీలోకి ఎలా వచ్చాయి?

చెల్లెలు ఉత్తరం లాక్కుని చదివింది.

"బావ ఇంకో కాపురం పెట్టాడేమోనే అక్కా."

"తన సాక్సులు తను వెతుక్కోవడం రాని మనిషికి ఇంకో కాపురమా?" అన్నాను.

"వెతికిపెట్టే మనిషి దొరికిందేమో" అంది.

దాన్ని ఇంటికి పంపేశాను. కానీ ఆ మాట వెళ్లలేదు. మీరు రాళ్ల లోపలికి చూసిన మనిషి. ఆ నాలుగూ ఎవరి పెరట్లోవి? వాటి మీద నా సబ్బు కాక ఇంకో సబ్బు జాడ ఉంటే దాచకుండా రాయండి.

ఇట్లు,
రాళ్లాయన భార్య

తా.క. ఉన్నట్టయితే, ఖరీదైన సబ్బా?

*

గౌరవనీయులైన అమ్మగారికి,

మా యంత్రం ఇనుము, మెగ్నీషియం, కాల్షియం మొదలైనవి చెప్పగలదు. సంసార విషయాలు చెప్పలేదు. అన్ని రాళ్ల మీదా ఉన్నది ఒకే సబ్బు. మీ ఫైలు మూసివేశామని తెలియజేస్తున్నాం.

భవదీయుడు,
పరీక్షకుడు

తా.క. రిపోర్టులు చెల్లెలు గారికి చూపించకండి.

*

పరీక్షకుడు గారికి,

ఫైలు మీరు మూశారు, నేను మూయలేదు. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఆ ఆరు నెలలు మా ఆయన ఎక్కడున్నారో నాకు తెలియదు. అడగడానికి ఆయన లేరు. ఇంట్లో నేను మాట్లాడితే గోడలు వింటాయి, జవాబు చెప్పవు. మీరు ఏదో తెలిసి దాస్తున్నారు. తెలియని మనిషి ఇంత పొట్టి ఉత్తరం రాయడు. వచ్చే సోమవారం వచ్చి మీ డైరెక్టరు గారి గది ముందు కూర్చుంటాను.

ఇట్లు,
రాళ్లాయన భార్య

తా.క. నేను కూర్చుంటే లేవను. మా వీధి కుళాయి కోసం మునిసిపాలిటీలో ఆరు రోజులు కూర్చున్నాను. ఏడో రోజు నీళ్లొచ్చాయి.

*

వదినగారికి నమస్కారాలు.

మీరు నన్ను చూడలేదు. అన్నయ్య నన్ను తమ్ముడూ అనే పిలిచేవారు.

మూడేళ్ల కిందట ఓడ ఎక్కే ముందు చేసే పరీక్షలో ఆయన గుండెలో తేడా కనిపించింది. ఇక దీవికి పంపేది లేదన్నారు. ఆ రెండేళ్లూ ఆ మూడేసి నెలలు ఆయన ఉన్నది ఇక్కడ, ఈ యంత్రం గదిలో, నా పక్క కుర్చీలో. పాత రాళ్ల పలుకులు లెక్కపెడుతూ కూర్చునేవారు. పైన అతిథిగృహంలో పడుకునేవారు. మీ ఉత్తరాలు రేవు ఆఫీసు నుంచి ఇక్కడికి వచ్చే ఏర్పాటు చేసుకున్నారు.

"ఇంటికి వెళ్లొచ్చు కదన్నయ్యా" అన్నాను.

"వద్దురా. ఏడాదిలో ఈ మూడు నెలలే ఆవిడకి తెరిపి. ఇదిగో, చదువు" అని మీ ఉత్తరం ఇచ్చారు. "మీరు లేకపోయేసరికి ఇల్లు అద్దంలా ఉంది. హాయిగా పుస్తకాలు చదువుకుంటున్నాను. పని మధ్యలో వదిలి తొందరపడి రావద్దు" అని రాశారు మీరు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "చూశావా, ఎంత సుఖంగా ఉందో" అన్నారు. తర్వాత చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

వెళ్లే రోజు, "ఖాళీ చేతులతో వెళ్తే ఆవిడ పుస్తకంలో వరస తప్పుతుంది" అంటూ గేటు బయట రోడ్డు పని కోసం పోసిన గుట్టలో వెతికి వెతికి రెండేళ్లూ రెండేసి రాళ్లు ఏరారు. సంచీ పట్టుకున్నది నేనే. మీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నారు. మనిషి విషయంలో ఒట్టు నిలబెట్టుకోవాలి, రాయి విషయంలో అబద్ధం రాయకూడదు. మధ్యలో నలిగిపోయాను. క్షమించండి.

మీ మరిది

తా.క. ఆ కుర్చీ ఇంకొకరికి ఇమ్మని అడుగుతున్నారు. కాలు విరిగిందని చెబుతున్నాను. విరగలేదు.

*

మరిదికి వదిన ఆశీస్సులు.

పందొమ్మిది నుంచి ఇరవై రెండు వరకు ఆ గడిలో "తమ్ముడి ఆఫీసు గేటు బయట" అని రాశాను. ఇప్పుడు ఖాళీలు లేవు. సోమవారం నేను రాను, ఊపిరి పీల్చుకో.

చెల్లెలికి చెప్పాను. "అయితే బావ బస్సెక్కితే నాలుగు గంటల్లో..." అని మొదలుపెట్టి ఆపేసింది. అది మాట మధ్యలో ఆపడం పుట్టాక ఇదే మొదలు.

ఇప్పుడు నేను చెప్పేది నువ్వు విను, వినడానికి ఆయన లేరు గనక. ఆయన వెళ్లిన రోజున కుర్చీ మీద పడేసిన చొక్కా, తిరిగొచ్చేదాకా అక్కడే ఉండేది. దాన్ని తీయబుద్ధి అయ్యేది కాదు. దాని చుట్టూ తుడిచేదాన్ని. ఇల్లు అద్దంలా ఎప్పుడుంది? పుస్తకం తెరిస్తే పదో పేజీ దాటేదాన్ని కాదు. ప్రతి ఉత్తరం ముందు చిత్తు రాసేదాన్ని. అందులో "ఎప్పుడొస్తారు" అని ఉండేది. అంత దూరాన, నీళ్ల మధ్య ఉన్న మనిషి దిగులు పడతారని అది కొట్టేసి, హాయిగా ఉన్నానని శుభ్రంగా తిరగరాసేదాన్ని. నా దస్తూరి బాగుంటుందని అందరూ అంటారు. ఆయన నమ్మారంటే తప్పు ఆయనది కాదు.

ఇట్లు,
వదిన

తా.క. ఆ ఉత్తరాలు నీ దగ్గరే ఉండిపోయుంటే నాకు పంపవద్దు. వాన పడుతోందని రాసిన చోట తప్ప వాటిలో ఎక్కడా నిజం లేదు.